డోజ్ అంటే నిద్ర కాదు

గద్వాల సంస్థానంలో మాకింకా భూములున్న రోజుల్లో, ఇంటికొచ్చి ఇంగ్లీషు చెప్పిన మాస్టారి దగ్గర డోజ్ అనే మాట నేర్చుకున్నాను. పక్క మీద పడుకొని పోయేది నిద్ర. కూర్చున్నచోట మనల్ని అడగకుండా కమ్మేది డోజ్. అందులో చెవులు మేలుకునే ఉంటాయి.

భూములు పోయాక పల్లికాయల మిల్లులో గుమాస్తాగా చేరాను. ఒక మధ్యాహ్నం కాంటా పక్కన కూర్చుని ఉండగా కునుకు పట్టింది. అప్పుడే మిల్లు సేటు వచ్చాడు.

"ఏంది దొరా, నిద్రపోతున్నవా?" అన్నాడు. హమాలీలు నవ్వారు.

"నిద్ర కాదు. దీన్ని ఇంగ్లీషుల డోజ్ అంటరు."

"ఏ భాషల పండుకున్నా పండుకున్నట్టే గద!"

నాకు ఒళ్లు మండింది. ఇంత చిన్న తేడా ఈ మనిషికి ఎట్లా ఎక్కించాలి? నిద్రపోయినవాడికి ఏమీ వినపడదు, నాకు అన్నీ వినపడ్డాయి అన్నాను. ధరూరు నుంచి పల్లికాయల బండి రావడం, హమాలీ బీడీ అడగడం, సేటు వాకిట్లో చెప్పులు విడవడం వరుసగా అప్పజెప్పాను.

సేటు నవ్వు ఆగిపోయింది. "నేనొచ్చింది ఎరుకేనా? మరి లేచి నిలబడలేదేంది?"

అతని తండ్రి మా నాన్న ఎదుట ఏనాడూ కూర్చోలేదు.

"నిద్ర పట్టిందని ఒక్క మాట అను. రేపు గూడ పనికి రా" అన్నాడు సేటు.

హమాలీలు నా మొహం చూస్తున్నారు.

"నిద్ర కాదు, డోజ్" అన్నాను. అప్పుడు లేచి నిలబడ్డాను, ఇంటికి పోవడానికి.