ఏడింటి గోలీ, బోర్లించిన ప్లేటు

దయ్యాల మాట ఎత్తితే మా బీరంగూడ ఇంట్లో ముందు నవ్వేది నేనే. బడిలో సైన్సు చెబుతాను. చర్చిలో ఎవరైనా తమకొచ్చిన దర్శనాల గురించి మొదలుపెడితే వాచీ చూసుకునే రకం. ఇదే వేరేవాళ్లు చెప్పి ఉంటే నేను సగంలోనే లేచి వెళ్లిపోయేదాన్ని.

మా పాప గ్రేసీకి ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. ఆస్పత్రిలో నెలలు గడిచాక, ఇంట్లోనే ఏళ్ల తరబడి గోలీలు వేయాలన్నారు. రోజూ సాయంత్రం ఏడింటికి మెర్కాప్టోప్యూరిన్. వారానికి ఒక్కసారి, ఆదివారం, మెథోట్రెక్సేట్. రెండూ పసుపు గోలీలే. వారం గోలీ రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ రోజువారీ గోలీ అంటే మాత్రం నాకు ఎంత గౌరవమో! ఇంత చిన్నది, పోయిన జబ్బును మళ్లీ తల ఎత్తనివ్వలేదు.

మా మామ పటాన్‌చెరు మందుల కంపెనీలో, ప్యాకింగులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఒక మందు అయిపోయి ఇంకోటి మొదలుపెట్టేముందు, బల్ల మీద పాతది ఒక్క గోలీ మిగల్లేదని చూసుకుని 'లైన్ క్లియర్' అంటారట. ఆయన దాన్ని మా డైనింగ్ టేబుల్ మీదికి తెచ్చారు. స్టీలు ప్లేటు బోర్లించి ఉంచేవారు. టేబుల్ తుడిచి, గోలీల షీటు మీద పేరు చదివి, ఆయన 'లైన్ క్లియర్' అన్నాకే దాన్ని తిప్పి గోలీ పెట్టాలి.

"పేరు సదివినవా బిడ్డా? ఇయ్యాల ఏం వారమో సూసినవా? గప్పుడే ప్లేటు తిప్పు."

నాకు ఒళ్లు మండేది. ఒక్క గోలీకి ఇంత తతంగమా అని సణిగేదాన్ని. ఆయన వింటేగా! చనిపోవడానికి ముందురోజు సాయంత్రం కూడా తప్పలేదు.

ఆయన పోయిన మూడో వారం, ఒక సోమవారం. మా ఆయన షిఫ్టుకు వెళ్లారు. పేపర్లు దిద్దుతూ కూర్చుంటే ఏడు దాటింది. గబగబా రోజువారీ గోలీల డబ్బాలోంచి షీటు తీసి, పేరు చూడకుండానే ప్లేటు తిప్పి అందులో పెట్టి, నీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. గ్రేసీ నా కొంగు పట్టుకుని వెంటే వచ్చింది.

తిరిగి వచ్చేసరికి ప్లేటు బోర్లించి ఉంది. షీటు పక్కన ఉంది, పేరు పైకి కనబడేలా. గట్టి స్టీలు ప్లేటు, కాస్త కదిపినా మోగుతుంది. ఏ చప్పుడూ వినలేదు. తలుపు గొళ్లెం వేసే ఉంది.

పేరు చదివాను. ఆదివారం గోలీ. ముందురోజు చర్చి నుంచి వచ్చి వేసి, తొందరలో రోజువారీ డబ్బాలో పడేసింది నేనే. ఆ పూట వేసి ఉంటే రేపూ ఎల్లుండీ అదే షీటు తీసేదాన్ని. కింద కూర్చుని ఏడ్చాను. గ్రేసీ ఏమాత్రం భయపడలేదు.

"తాత ఇంకా లైన్ క్లియర్ అనలే మమ్మీ," అంది.

గ్రేసీకి ఇప్పుడు గోలీలు లేవు, రిపోర్టులు బాగున్నాయి. ప్లేటు ఎలా తిరిగిందో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. గిన్నెలు తోమాక అన్నీ బోర్లిస్తాను. ఆ ప్లేటొక్కటి మాత్రం తుడిచి, వెల్లకిలా పెడతాను. దాన్ని బోర్లించే పని మా మామది.