గాలుండే రోజు పోదాం

రాష్ట్ర సరిహద్దున జూజువాడిలో లారీల మధ్య మా కంపెనీ బస్సు ఆగిపోయి ఉండగా ఫోన్ వచ్చింది. కెలవరపల్లిలో నేను ఏళ్ల తరబడి అద్దెకుంటున్న ఇంటి పెద్దాయన పోయాడు. "కాఫీ తాగినాడప్పా. ఈ పొద్దు గాలే లేదే అన్నాడు. అంతే," అంది ఆయన భార్య. నాకు ఏడుపు రాలేదు. ఎవరి గురించి చెబుతోందో అర్థం కానట్టు కూర్చుండిపోయాను.

ఆయన రాగులు పండించే రైతు. తూర్పారబట్టేందుకు కళ్లంలో చేట పైకెత్తి, గాలి వచ్చేదాకా అలాగే నిలబడేవాడు. నేను విసుక్కుంటే, "గాలి మన జీతగాడు కాదప్పా, పిలిస్తే వచ్చేదానికి," అని నవ్వేవాడు. ఆ పొట్టు దుమ్ము పీల్చీ పీల్చీ ఆయాసం పట్టుకుంది. కళ్లం వైపే వెళ్లొద్దని డాక్టరు కట్టడి చేశాడు. ఆ ఏడే ఆయనకు సముద్రం మీదికి మనసు పోయింది.

మాది భీమిలి. కొండెక్కితే సముద్రమంతా కనిపిస్తుందని ఊరించింది నేనే. అప్పట్లో సెలవు దొరికినప్పుడల్లా ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేసి గాలి సంగతి కనుక్కునేవాణ్ణి. ఆయాసం మనిషి, ఈదురుగాలిలో నిలవలేడని నా భయం. మీకు చెబితే నవ్వుతారేమో, గాలి తగ్గిందంటే ఆయనకు ఏదో పని తగులుకునేది. ఆవు ఈనేట్టుందనేవాడు, మోటారు కాలిందనేవాడు. గాలి జోరుగా ఉంది, వద్దంటే మాత్రం సంచి సర్దుకుని వాకిట్లో కూర్చునేవాడు.

"పోదామాప్పా?"

"గాలండీ, పెదనాన్నగారూ!"

ఈ మనిషికి వెళ్లాలని ఉందో లేదో నాకు అంతుబట్టేది కాదు. అలాగని కోపమూ వచ్చేది కాదు. పరాయి ఊళ్లో నాకు జ్వరమొస్తే తలాపున కూర్చున్న మనిషి.

చివరికి ఒకసారి వెళ్లాం. భీమిలిలో దిగిన పొద్దున ఆకు కదల్లేదు. ఆయన రోజంతా మొహం ముడుచుకునే ఉన్నాడు. కొండెక్కేసరికి గాలి లేచింది. అందరూ చీరలూ టోపీలూ పట్టుకుని దిగిపోతుంటే, ఈయన గాలి వాలు చూసుకుని నిలబడి, కొనుక్కున్న బొరుగులు దోసిట్లో పైకెత్తి మెల్లగా జారవిడిచాడు. ఒక్కటీ కాళ్ల దగ్గర పడలేదు.

"ఇంత గాలి ఊరికే పోతా ఉంది కదప్పా," అన్నాడు. సముద్రాన్ని చూశాడో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు.

కర్మలయ్యాక పెద్దమ్మను అడిగాను, ఆయనకు సముద్రం నచ్చిందా అని.

"సముద్రమేందప్పా? దుమ్ములేని గాలి యాడుంటాదని ఆస్పత్రిలో అడిగినాడు. సముద్రం కాడ అని ఎవరో చెప్పినారు."

ఈ ఏటి రాగులు ఇంకా కళ్లంలోనే ఉన్నాయి. ఆమె వెళ్లి చేట నింపి పైకెత్తింది. గాలి లేదు. చేతులు దించకుండానే నా వైపు చూసింది.

"మీ ఊర్లో గాలుందేమో అడుగప్పా."

ఫోన్ తీసి అమ్మకు కలిపాను. అటు అమ్మ "చెప్పు నాన్నా" అంటోంది. ఇటు చేట ఇంకా పైనే ఉంది.