టైపు మేడం దగ్గరున్న పేర్లు

పటాన్‌చెరు బస్టాండు చుట్టుపక్కల సుకుమారిని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. 1986లో జోగిపేట నుంచి వచ్చి, ఒక మందుల షాపు మీది గదిలో నాలుగు మిషన్లతో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పటి నుంచి ఆమె అందరికీ టైపు మేడమే. నాలుగింటిలో ఒకటి తెలుగు మిషను. దాని ముందు ఆమె తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. సెలవు చీటీ మొదలు కలెక్టరుకిచ్చే అర్జీ దాకా ఫ్యాక్టరీల వాళ్లు దాని మీదే కొట్టించుకునేవారు. వాళ్లు చెప్పినదాన్ని వరుసలో పెట్టి, అవసరం లేని కోపం తీసేసి టైపు చేయడం ఆమెకు బాగా వచ్చు.

మూడేళ్లు గడిచాక ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసే యాదగిరి అర్జీ పట్టుకొచ్చాడు. పొడి ఆరబెట్టే గదిలో ఫ్యాను ఆరు నెలలుగా తిరగడం లేదని, ఊపిరాడక ఇద్దరు పడిపోయారని అందులో ఉంది. కింద ఎవరి పేరూ లేదు. పేరు లేని కాగితాన్ని ఏ ఆఫీసులోనూ చదవరని, నేరుగా చెత్తబుట్టలో వేస్తారని సుకుమారి చెప్పింది. చివరికి యాదగిరి తన పేరు, ఫ్యాక్టరీ టోకెన్ నంబరు చెప్పాడు.

ఆ అర్జీ ఎన్ని బల్లల మీదుగా తిరిగిందో గానీ, పదిరోజుల్లో అదే ఫ్యాక్టరీ మేనేజరు చేతికి చేరింది. యాదగిరిని గేటు దగ్గరే ఆపేశారు. అతను ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు గొంతులో కోపం కూడా లేదు.

"మీరు చెప్పింది నిజమే మేడం. పేరుంటే సదువుతరు. సదివిండ్రు" అన్నాడు.

తర్వాత అతను పని వెతుక్కుంటూ జహీరాబాద్ వైపు వెళ్లిపోయాడని తెలిసింది. ఆ రోజు నుంచి పేరు పెట్టమని ఆమె ఎవరికీ చెప్పలేదు. 'ఇట్లు, బాధితులు' అని పెట్టమంటే అలాగే పెట్టేది.

కాలం మారి టైపు మిషన్లు మూలపడ్డాయి. 2003 నాటికి ఆ గదిలోనే ఆరు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ నడుస్తోంది. ఎవరు వచ్చారు, ఏ సిస్టం మీద ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కూర్చున్నారు, ఇవన్నీ రిజిస్టరులో రాసి ఉంచాలని పోలీసులు చెప్పారు. సుకుమారి గుండ్రటి అక్షరాలతో ఒక్క రోజు కూడా తప్పకుండా రాసేది.

2007లో, ఒకప్పుడు పేపరు విలేకరిగా పనిచేసిన నరసరాజు సంగారెడ్డిలో ఒక వెబ్‌సైట్ మొదలుపెట్టాడు. చుట్టుపక్కల వార్తలు వేసి, ప్రతి వార్త కింద ఎవరైనా తమ మాట రాసుకునే చోటు పెట్టాడు. ఏ పేరుతో రాసినా సరే. సెంటర్‌కు వచ్చేవాళ్లు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి మరీ రాసేవారు. ఇన్నాళ్లూ తన చెవిలో గుసగుసగా చెప్పినవన్నీ అందరూ చదివేలా తెరమీద కనబడుతుంటే సుకుమారికి సంతోషంగానే ఉండేది. ఒక ఫ్యాక్టరీలో రసాయనాల డ్రమ్ములు కడిగే ముత్యమ్మ వచ్చి, చేతికి తొడుగులు ఇవ్వక తోలు ఊడిపోతోందని అరచేతులు చూపించినప్పుడు, ఆ మాటలను తనే తెలుగులో టైపు చేసి 'ఒక కార్మికురాలు' అని పెట్టింది.

ఆ వారమే అరుణమ్మ గొడవ వచ్చింది. అరుణమ్మ చిట్కుల్ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. సుకుమారి ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. బడి గురించి వచ్చిన వార్త కింద ఎవరో 'సత్యవాది' పేరుతో, అరుణమ్మ బియ్యం అమ్ముకుని పిల్లలకు నీళ్ల పప్పు పోస్తోందని రాశారు. ఇంకెవరో దాన్ని ప్రింటు తీసి బడి గోడకు అంటించారు. విచారణ అయ్యేదాకా రావద్దని బడి కమిటీ ఆమెకు చెప్పింది. కొందరు పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

అరుణమ్మకు చదువు రాదు. సెంటరుకు వచ్చి, ఏం రాశారో చదివి వినిపించమంది. సుకుమారి ఒక్క మాట కూడా మింగకుండా చదివింది. అంతా విని అరుణమ్మ అడిగింది:

"గా సత్యవాది ఎవలు? నా ముంగటికి రమ్మను. నేను జవాబు చెప్త."

సుకుమారి నరసరాజుకు ఫోన్ చేసింది. మనిషి ఎవరో తనకు తెలియదని, ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రాశారో దాని నంబరు, రాసిన వేళ మాత్రమే తన దగ్గర ఉంటాయని అతను చెప్పాడు. ఆ నంబరు ఆమె సెంటరుదే. మంగళవారం, పదకొండున్నరకు. రిజిస్టరులో ఆ వేళకు మూడో సిస్టం ఎదురుగా తన చేతిరాతే ఉంది: లింగం, ఇస్నాపూర్.

లింగం ఆమెకు తెలిసినవాడే. వంట పని తన వదినకు ఇప్పించాలని నెలల తరబడి తిరిగాడు. పేరు చెప్పేస్తే అరుణమ్మ గోడు తీరుతుంది. కానీ ఒకరి కోసం తెరిచిన రిజిస్టరు రేపు ఇంకొకరికీ తెరవాల్సి వస్తుంది. ఆమె అరుణమ్మకు ఏమీ చెప్పకుండా రెండు రోజులు ఆగమంది. అరుణమ్మ ముఖం తిప్పుకుని మెట్లు దిగిపోయింది. అది సుకుమారిని బాగా బాధపెట్టింది.

మర్నాడు లింగం వచ్చినప్పుడు కంప్యూటరు దగ్గరికి పోనివ్వకుండా తన బల్ల ముందు కూర్చోబెట్టింది. రిజిస్టరు తిప్పి అతని వైపు పెట్టింది. అతను మొదట బుకాయించాడు, తర్వాత అందరూ రాస్తున్నారన్నాడు, ఆ తర్వాత తల వంచుకున్నాడు.

"నీ పేరు నేనెవ్వరికీ చెప్ప లింగం" అంది సుకుమారి. "నువ్వు నీ కళ్లతో చూసినవా? చూస్తే ఇదే మాట నీ పేరు పెట్టి రాయి, నేనే టైపు చేస్త. చూడకపోతే అదన్నా రాయి. ఆమెకు పేరుంది, ఊరుంది. నీకే ఏం లేకుండ పోయింది."

"చూడలే మేడం. గట్ల అనుకుంటుంటె విన్న."

ఏమీ రాయకుండానే లేచి వెళ్లిపోయాడు. మూడో రోజు పొద్దున తనంతట తానే వచ్చి, 'నేను చూడలేదు, విన్నది రాసిన, తప్పైంది' అని తన పేరుతో పెట్టించాడు. దాని ప్రింటు తీసుకెళ్లి బడి గోడకు అరుణమ్మే అంటించింది.

ఆ సంగతితో పాటు, టైపు మేడం దగ్గర అందరి పేర్లూ ఉంటాయన్న మాట కూడా ఊరంతా పాకింది. వారం తిరగకముందే ముత్యమ్మ పనిచేసే ఫ్యాక్టరీ నుంచి ఒక ఆఫీసరు మెట్లెక్కి వచ్చాడు. చేతి తొడుగుల సంగతి ఎవరు రాశారో చెప్పమన్నాడు. పోలీసులు కాగితం తెస్తేనే రిజిస్టరు చూపిస్తానని ఆమె అంది. లింగం పేరు బయటపెట్టినప్పుడు ఏ కాగితం చూశారని అతను అడిగాడు.

"లింగం పేరు నేను చెప్పలేదు సార్, ఆయనే పెట్టుకున్నడు. మీరడిగేది టైపు చేసింది నేను. నా పేరు రాసుకోండి."

ఆఫీసరు నిజంగానే జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. ఆమె స్పెల్లింగు కూడా చెప్పింది. అతను వెళ్లాక మాత్రం ఆమెకు భయం వేసింది. ఒంటరిగా బతుకుతున్న తనకు ఆధారం ఆ గదే.

ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చే టైపు పని ఆగిపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. ముత్యమ్మ ఉద్యోగం నిలిచింది. తొడుగులు రెండు నెలలు ఇచ్చి మానేశారు. ఆడవాళ్లు ఈసారి అందరూ కలిసి సూపర్‌వైజరు ముందు నిలబడి అడిగితే మళ్లీ ఇచ్చారు. అరుణమ్మను బడికి రమ్మన్నారు గానీ, రెండు కుటుంబాల వాళ్లు తమ పిల్లలను ఆమె వంట తిననివ్వలేదు. లింగం పశ్చాత్తాపం ఆ రెండిళ్లకూ చేరలేదు.

నరసరాజు ఆమె సలహా అడిగాడు. అసలు పేర్లు లేకుండా రాయనివ్వకూడదేమో అన్నాడు. ఒకరి పేరెత్తి నింద వేసేవాడు తన పేరు పెట్టాలని, తన బాధ చెప్పుకునేవాడిని మాత్రం అడగొద్దని ఆమె చెప్పింది. రెండూ కలిసి ఉన్న మాట వస్తే ఏం చేయాలని అతను అడిగాడు. మేనేజరు పేరెత్తి తన బాధ చెప్పుకునే కూలీ వస్తే ఎటు? అలాంటివి ముందు తనకు ఫోన్‌లో చదివి వినిపించమంది. సైటు మూతపడే దాకా, దాదాపు ఏడాది పాటు, అతను అలాగే వినిపించాడు. కొన్ని వేయమంది, కొన్ని ఆపమంది, కొన్నింటి దగ్గర ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు.