ఆడబుర్ర, మగబుర్ర, అరవైమూడు గొర్రెలు

మగవాళ్ల బుర్ర ఒక రకంగా, ఆడవాళ్ల బుర్ర ఇంకో రకంగా పుడుతుందా అని ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది. జవాబు తెలియదు గనక కోపం. ఏళ్ల తరబడి పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ని, తెలియదని ఒప్పుకోవడం నామోషీగా ఉంటుంది. పోనీ ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిస్తే, దానికి అడ్డంగా సాక్ష్యం మా ఇంట్లోంచే లేస్తుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను. తేల్చుకునే పని మీది.

మాది రాచర్ల దగ్గర పల్లె. అప్పుడది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. మా నాయన ఒక ఆసామి గొర్రెలను పాలుకు మేపేవాడు. అంటే పుట్టిన పిల్లల్లో సగం ఆసామివి, సగం మావి. నాకు ఊహ తెలిసేసరికి మంద అరవైమూడు. పొద్దున నాయన, అక్క, నేను గుట్టల వైపు తోలుకుపోయేవాళ్లం. పొద్దు వాలేసరికి ఇంటి పక్క కంప దొడ్డి దగ్గర అమ్మ ఎదురుచూస్తూ నిలబడేది.

దొడ్డి వాకిలి రెండు గొర్రెలు పట్టేంత. నాయన ఒక పక్కన గొంతుక్కూర్చుని మందను జతలు జతలుగా లోపలికి వదిలేవాడు. పది జతలు పోగానే ఎడమ చేతిలోకి ఒక గులకరాయి. మూడు రాళ్లు, పైన ఒక జత, చివర ఒక ఒంటిది వస్తే ఆ పూటకు నిశ్చింత.

అమ్మ లెక్కపెట్టేది కాదు. ఆడమనిషి లెక్కపెడితే మంద తగ్గిపోతుందని మావాళ్ల పట్టింపు. మా తాత కాలం నుంచీ మేము ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లమే, గోడకు సిలువ ఉన్న ఇల్లే. అయినా ఈ ఒక్కటి మాత్రం ఎట్లనో మా వెంట వచ్చేసింది. ప్రార్థన చేయించే అయ్యగారి చెవిన పడితే చీవాట్లు తప్పవని బయటివాళ్ల ముందు ఎవరూ దాని ఊసెత్తేవాళ్లు కాదు. అందుకని అమ్మ ఊరికే చూసేది. మొహాలు చూసేది.

ఒక సాయంత్రం నాయన రాళ్లు చూసుకుని, పంచె దులుపుకుని లేచినాడు.

"చెవి చీలింది రాలేదే," అన్నది అమ్మ.

"అరవైమూడూ వచ్చినాయి. నీకేమన్నా మతి పోయిందా?"

"నువ్వెన్నన్నా చెప్పు. చెవి చీలింది రాలా."

తీరా చూస్తే పక్క ఊరి మందలోది ఒకటి మాలో కలిసింది, మాది ఒకటి వాళ్లలో కలిసింది. లెక్కా తప్పు కాదు, అమ్మా తప్పు కాదు. నాయన ఏమాత్రం సిగ్గుపడలేదు. పైగా అందరికీ చెప్పుకున్నాడు. "మగోడి బుర్ర లెక్కకు, ఆడదాని బుర్ర మొగానికి. రెండు పనులుండాయి గదా, దేవుడు రెండు బుర్రలు చేసినాడు."

నాకది చాలా సబబుగా తోచింది. తోచిన మరుక్షణమే తికమక మొదలైంది. ఎందుకంటే అక్కా నేనూ, మా ఇద్దరి సంగతీ దానికి తిరగబడి ఉంది. నేను లెక్కపెట్టడం మొదలుపెడితే నాలుగో జత దగ్గరే ఆగిపోయేవాణ్ని. దీని కన్ను కారుతున్నది, ఇది నిన్న పొట్లాడింది, దీనికి ఈరోజు ఎందుకో దిగులుగా ఉంది అని ప్రతి మొహమూ నన్ను పట్టుకునేది. అక్క నాకంటే ఏడాది పెద్ద. ఆమెకు గొర్రె మొహాలన్నీ ఒకటే. కానీ దారిలో అడుగులు లెక్కపెట్టేది, కీర్తన పాడుతూ వరసలు లెక్కపెట్టేది, ఎవరి పెళ్లికి పోయినా పందిరి గుంజలు లెక్కపెట్టి వచ్చేది. మందను కూడా పైట చాటున వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి, నాయన మూడో రాయి తీయకముందే నా చెవిలో చెప్పేది. ఒక్కసారీ తప్పలేదు.

వీధిలో ఆడవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. "వీళ్లకు బుర్రలు తారుమారు చేసి పెట్టినాడే దేవుడు!" అనేవాళ్లు. అక్క వాళ్లతోపాటు నవ్వేది. నాకు మాత్రం ఏడుపొచ్చేది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి లోపల ఉన్నది ఎవరిదా అని నిమురుకుని చూసుకున్న రోజులున్నాయి.

ప్రార్థన గుడిసెలోనే బడి నడిచేది. పంతులు గిద్దలూరు అవతలి నుంచి వచ్చినవాడు, మా పట్టింపులు తెలియనివాడు. ఆ ఏడు మార్కాపురంలో మిషను వాళ్ల బోర్డింగుకు మా పల్లె నుంచి ఒక్కరిని తీసుకుంటామన్నారు. ఆడపిల్లయినా సరే, మగపిల్లవాడైనా సరే, ఒక్కరే. కూడు, బట్ట, చదువు అన్నీ వాళ్లవే. గట్టెక్కితే ఎనిమిదో తరగతి, ఆ పైన పంతులు ఉద్యోగం. పంతులు మనసులో ఉన్నది అక్క.

అక్క మనసులో ఇక వేరే ఏమీ లేదు. పొయ్యి బూడిదతో రోజూ పలక తోమేది. "అక్కడ లెక్కలు మన మాదిరి మూడు వరసలు కాదంటరా. పలక నిండా ఒకటే లెక్క ఉంటదంట," అని గుట్ట మీద నాకు చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్లు మెరిసినాయి. నేను మాత్రం అక్కడికి రైలు మీద పోతారని విని ఉన్నాను. నాకు కావలసింది రైలు.

నాయన కుదరదన్నాడు. "లెక్కల చదువు గదా పంతులుగారూ, మగపిల్లోడిని పంపిస్తా."

"వీడికి ఇరవై దాటితే రాదయ్యా!"

"నేర్చుకుంటాడు. బుర్ర ఉండాది గదా."

పంతులుకు పంతం వచ్చింది. సాయంత్రం దొడ్డి దగ్గర ఇద్దరి చేతా మందను లెక్కపెట్టిద్దాం, ఎవరు సరిగ్గా చెబితే వాళ్లే అన్నాడు. నాయన అప్పుడే వద్దనాల్సింది. ఆడపిల్ల లెక్కపెట్టకూడదు అని పంతులుతో చెబితే, ప్రార్థనకు వచ్చే మనిషివి ఇంకా ఇవేం నమ్మకాలని అడుగుతాడేమోనని సిగ్గుపడి ఊరుకున్నాడు. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగింది.

నేను యాభైయెనిమిది అన్నాను. అని, "కానీ అందరూ వచ్చినారు," అని కూడా అన్నాను. పంతులు పడీపడీ నవ్వినాడు. అక్క గట్టిగా, తడుముకోకుండా, "అరవైయేడు. ఈ వారమే గుట్టకు వస్తున్న పిల్లలు నాలుగూ కలిపి," అన్నది. నాయన పిడికిలి విప్పితే రాళ్లు మూడు, పైన మూడు జతలు, ఒక ఒంటిది. ఆదివారం వచ్చి పేరు రాసుకుంటానని పంతులు వెళ్లిపోయినాడు.  అక్క ఒక్కతే కూనిరాగం తీసుకుంటూ తిరిగింది.

మర్నాడు పొద్దునకు ఆ నాలుగు పిల్లల్లో రెండు చచ్చిపడి ఉన్నాయి.

అవి ఎందుకు చచ్చినాయో నాకు తెలుసు. లెక్కకు ముందురోజే గుట్ట మీద ఆ రెండూ ఏదో తీగ కొరికినాయి. మధ్యాహ్నానికి పొట్టలు ఉబ్బినాయి. తల్లి దగ్గరికి పోయినాయి గానీ పాలు తాగలేదు. నేను చూసినాను, అమ్మకు చెబుదామనుకున్నాను, పంతులు హడావిడిలో మరిచిపోయినాను. అమ్మ కూడా దొడ్డి దగ్గర చూసే ఉండాలి, ఆమె కంటికి పడనిది లేదు. మరి ఆమె ఎందుకు నోరు మెదపలేదు? కూతురు దూరం పోకుండా ఉంటే చాలనుకుందా, లేక మొగుడి మాట నిజమనే నమ్మిందా? ఆమె బతికుండగా అడగలేకపోయినాను.

నాయన తిట్టలేదు. ఆ పిల్లల ముందు కూర్చుని, "ఆడపిల్ల నోట లెక్క బయటపడింది. ఇంకేం చెప్పాల," అన్నాడు అంతే.

అక్క నా వైపు తిరిగింది. మొహాలు ఎరిగినవాణ్ని నేనే గదా. "ఒరేయ్, మొన్న గుట్ట మీద బాగానే ఉన్నాయి గదరా అవి?"

"బాగానే ఉన్నాయి," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నాయన భయమా, రైలు ఆశా, లేక అక్క ముందు ఒక్కసారైనా నెగ్గాలన్న కడుపుమంటా? మగపుట్టుకలోనే అట్లాంటిదేదో ఉంటుందంటే నా తప్పు కొంత తేలికవుతుంది గానీ, అది నమ్మాలంటే నాయన మాట మొత్తం నమ్మాలి. ఆ దారీ నాకు మూసుకుపోయింది.

ఆదివారం నాయన పిల్లను పంపనని మొండికేస్తే పంతులు నా పేరే రాసుకున్నాడు. అక్క తోమి పెట్టుకున్న పలక నా మూటలో పెట్టింది. గిద్దలూరులో రైలెక్కినాను. కిటికీ దగ్గర కూర్చున్నాను కూడా. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

బోర్డింగులో రెండేళ్లు దెబ్బలు తిన్నాను. చివరకు అంకెలకు కూడా మొహాలు పెట్టుకుని నేర్చుకున్నాను. ఏడు వంగిన మనిషి, తొమ్మిది తల బరువైన మనిషి. అట్ల మెల్లగా లెక్క పట్టుబడింది. సెలవులకు ఇంటికి వచ్చి దొడ్డి దగ్గర జతలు జతలుగా తప్పు లేకుండా చెబితే నాయన పొంగిపోయినాడు. "మగబుర్ర యాడికి పోతది!" అన్నాడు. అక్క అమ్మ పక్కన నిలబడి ఊరికే మొహాలు చూస్తూ ఉంది. వేళ్లు కదలడం లేదు. వీధిలో ఆడవాళ్లు కూడా, దేవుడు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేసినాడని సంతోషించినారు.

ఆ తర్వాత పంతుళ్ల ట్రైనింగులో ఒకాయన, మగపిల్లల మెదడు ఆలోచనకు, ఆడపిల్లలది జ్ఞాపకానికి తగినట్టుగా ఉంటుందని చెప్పి రాయించినాడు. పరీక్షలో అదే రాసినాను, మెచ్చుకున్నారు. రాస్తున్నప్పుడు అక్క గుర్తుకే రాలేదు. అదే నాకు మింగుడుపడదు. ఇప్పటికీ తరగతిలో హాజరు పట్టీ తీయకుండానే ఎవరు రాలేదో చెప్పగలను, కూడికలో మాత్రం రెండుసార్లు సరిచూసుకోవాలి. అంటే పుట్టినది మారలేదన్నమాట. మరి నేను లెక్కల పంతుల్ని ఎట్ల అయినాను? అక్క ఎట్ల మానేసింది? ఒక వైపు నుంచి చూస్తే మనిషిని ఎట్ల వంచితే అట్ల వంగుతాడనిపిస్తుంది. ఇంకో వైపు నుంచి చూస్తే అసలు వంగలేదనిపిస్తుంది. రెండూ నిజమెట్లవుతాయి?

అక్కను చంద్రశేఖరపురం వైపు ఇచ్చినారు. వాళ్లకూ గొర్రెలే. నేను దర్శిలో పనిచేస్తున్నప్పుడు ఒక ఎండాకాలం సెలవుల్లో చూడటానికి పోయినాను. మిట్టమధ్యాహ్నం, అక్క అరుగు మీద జొన్నలు చెరుగుతూ ఉంది. ఆమె కూతురికి ఎనిమిదేళ్లు. పిల్లను నాతో పంపు, నా బడిలో చేర్చుకుంటానన్నాను.

"అక్షరాలు నేర్పు. లెక్కలు మాత్రం వద్దురా."

"ఏందక్కా, నువ్వేనా ఆ మాట అనేది?"

"నేను గాక ఇంకెవరనాల? రెండు గొర్రెపిల్లల ఉసురు పోసుకున్నదాన్ని. మా ఆడోళ్ల బుర్రకు అది సరిపడదులే."

 ఇన్నాళ్లూ నేను ఆమె చదువు మాత్రమే తీసుకున్నాననుకుంటూ ఉన్నాను. చదువు పోయినందుకు ఏడ్చి ఊరుకుని ఉంటుందనుకున్నాను గానీ, ఇది మోస్తూ ఉందని నాకు తట్టనే లేదు.

"అబద్ధం చెప్పినానక్కా," అన్నాను. "అవి నువ్వు లెక్కపెట్టక ముందురోజే ఉబ్బినాయి. గుట్ట మీద తీగ తిన్నాయి. నేను చూసినా."

చేట ఆగింది. తిడుతుందని చూసినాను, తిట్టినా బాగుండేది. 

"అయితే నేను లెక్కపెట్టినందుకు కాదా?"

"కాదు."

"పదిహేడేండ్లురా," అన్నది. తర్వాత, నెమ్మదిగా, "పదిహేడేండ్ల అయిదు నెలల మీద పదకొండు దినాలు."

ఆమె మళ్లీ చేట అందుకుంది. అరుగు చివర కూర్చుని నేను వేళ్ల మీద లెక్కవేసినాను. రెండుసార్లు తప్పు వచ్చింది. మూడోసారికి పదకొండు దినాలు సరిపోయినాయి.