గోడెక్కిన వేళ్ళు

రంగుల మేస్త్రి భుజంలో సున్నం పేరుకుందన్నాడు డాక్టరు. "జన్మంతా గోడలకి కొట్టాను కదండీ, ఓ పూత లోపలికీ పోయుంటుంది" అన్నాడు మేస్త్రి. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవడం లేదు. మాత్రలు పడవు కనుక డాక్టరు చెప్పినట్టు పొద్దున వేడినీళ్ళ గుడ్డతో కాపడం, ఆపైన చెయ్యి వేలాడేసి లోలకంలా ఊపడం, పనిలో తీరిక దొరికితే వేళ్ళని గోడమీద సాలీడులా పైకి నడిపించడం. ఆ నడక ఇవాళ పరధ్యానంలో, అప్పుడే రంగు వేసిన హాలు గోడమీద సాగింది. నడుం ఎత్తునుంచి తలపైదాకా పాకిన వేలిముద్రలు చూసి ఇల్లుగలావిడ, "ఏ పిల్లాడి పనయ్యా ఇది?" అంది. "అరవయ్యేళ్ళ పిల్లాడిదమ్మా, నాదే. దిద్దేస్తాను" అంటూ రెండో చేత్తో కిందనుంచి బ్రష్షు తిప్పుకుంటూ వచ్చి, చిట్టచివరి ముద్ర దగ్గర ఆగిపోయాడు. "ఇదొక్కటీ రేపటిదాకా ఉంచండమ్మా. నా చెయ్యి ఇంత ఎత్తు లేచిందంటే మా ఆవిడ నమ్మదు. తీసుకొచ్చి చూపిస్తా."