సాంబయ్య అనుమతి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఇది కట్టుకథ కాదు. నా పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను, ఆ తలుపు తీసింది ఈ చేతులే.

నా పని మీకు తెలుసుగా. మిల్లులకీ గోడౌన్లకీ తిరిగి కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ వేస్తాను. మొన్న మిర్చి సీజన్లో చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న ఓ కోల్డ్ స్టోరేజీకి పంపించారు. ఏ గదిలో ఎవరి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయి, ఏ కూలీ లోపలికెళ్ళాడు, ఎవరు బయటికొచ్చారు... అన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్. తెల్లారేసరికి నడవాలన్నారు.

అక్కడొక పద్ధతుంది. సాయంత్రం చల్లగది తలుపు వేసేముందు ముఠా మేస్త్రి ఆఫీసు కంప్యూటర్లో జాబితా తెరిచి కూలీల పేర్లు గట్టిగా పిలుస్తాడు. ప్రతివాళ్ళూ "ఉన్నా" అనాలి. అందరూ పలికాకే తలుపు పడుతుంది. ఒకసారి పడిందంటే లోపల మనిషి గొంతు చించుకున్నా బయటికి వినపడదు.

నేను వెళ్ళేసరికి ఆరున్నర. ఆకలి, చిరాకు.

"రెండు నిమిషాలు సార్, పేర్లు పిలిచేసి సిస్టం ఇస్తా" అన్నాడు మేస్త్రి.

"రేపట్నుంచి ఆ లెక్కంతా ఇదే చూసుకుంటుందయ్యా. ఈ ఒక్కరోజు పిలవకపోతే కొంపలేం మునగవు. లే!" అన్నాను.

నేనే అన్నాను. ఈ నోటితోనే. మేస్త్రి తల గోక్కుంటూ లేచాడు. తలుపు వేయించి, ముఠాని రెండు ఆటోల్లో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఇన్‌స్టాల్ నొక్కాను. సగం దాకా వెళ్ళి ఆగింది. 'ఈ ఫోల్డర్లో మార్పులు చేయాలంటే సాంబయ్య అనుమతి కావాలి.' కూలీల పేర్ల జాబితా ఉన్న ఫోల్డరే అది.

ఇది మాకు రోజూ ఉండే తలనొప్పే. పాత గుమస్తా ఎవరో తన పేరుతో యూజర్ పెట్టుకుంటాడు. ఆఫీసంతా అందులోనే పనిచేస్తుంది. హక్కులన్నీ ఆ పేరు మీదే ఉండిపోతాయి. అడ్మిన్‌గా వెళ్ళి ఫోల్డర్ని నా పేరు మీదికి మార్చాను. శేషగిరి. రెండుసార్లు చూసుకున్నాను. మారింది.

మళ్ళీ నొక్కాను... 'సాంబయ్య అనుమతి కావాలి.'

ఫోల్డర్ తెరిచి చూస్తే నా పేరు లేదు. మళ్ళీ సాంబయ్యే. ఇంకోసారి మార్చాను. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. టైం చూస్తే ఎనిమిదిన్నర. లోపలెక్కడో మెషీన్లు దడదడమంటున్నాయి... ఇంకే చప్పుడూ లేదు.

గుమ్మం దగ్గర కూర్చున్న వాచ్‌మన్ కాశిం సాయిబుని కేకేశాను. "ఎవరయ్యా ఈ సాంబయ్య? ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగు."

"పాత గుమస్తా సార్. కాలం చేసి ఏడాదైంది."

మౌస్ వదిలేసి అతని వైపు తిరిగాను.

"మంచి మడిసి సార్" అన్నాడు సాయిబు. "పేర్లు పిలవందే తలుపు మీద చెయ్యి కూడా ఎయ్యనిచ్చేవోడు కాదు. ఓసారి ఓనర్‌తోనే పోట్లాడాడు. అవునూ..." అని ఆగాడు. "ఇయ్యాల పేర్లు పిలిచినట్టు ఇనపళ్ళేదే?"

కుర్చీ వెనక్కి తోసేశాను. ఇద్దరం ఒక్క పరుగున చల్లగది దగ్గరికి వెళ్ళాం. గడియ లాగాను. చలి మొహాన కొట్టింది. వెనకే మిర్చి ఘాటు... గొంతులో మంట. టార్చి వెలుగులో టిక్కీలు, వాటిమీద టిక్కీలు, పైకప్పు దాకా.

"ఎవరన్నా ఉన్నారా?"

ఏమీ లేదు... ఇంకోసారి అరిచాను... మళ్ళీ ఏమీ లేదు... తిరగబోతుండగా గదిలోనే అటకలాంటి పైఅంతస్తు నుంచి, సన్నగా...

"ఉన్నా..."

మరియమ్మ. ముఠాలో ఊడ్చే ఆవిడ. రాలిన కాయలు ఏరుతూ లోపలే ఉండిపోయింది. ఈ ఆటో వాళ్ళు ఆ ఆటోలో ఉందనుకున్నారు, ఆ ఆటో వాళ్ళు ఈ ఆటోలో ఉందనుకున్నారు. ఖాళీ గోతాలు కప్పుకుని ముడుచుకుపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఇద్దరం మోసుకొచ్చి ఆస్పత్రిలో పడేశాం. తెల్లారేదాకా అలా ఉంటే బతికేది కాదన్నాడు డాక్టరు.

తెల్లవారుజామున తిరిగొచ్చి ఇన్‌స్టాల్ నొక్కాను. ఏ అనుమతీ అడక్కుండా ఎక్కింది. నేనేమీ మార్చలేదు. పైఫోల్డర్ హక్కులు వాటంతటవే ఈ ఫోల్డర్‌కి వచ్చి ఉంటాయి, అలా జరుగుతుంది... జరుగుతుందనే నాకు నేను చెప్పుకున్నాను.

రెండు రోజుల తరవాత ఆస్పత్రికి వెళ్ళాను. మరియమ్మకి దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. ఆ దగ్గు ఇప్పటికీ తగ్గలేదట, పనిలోకీ రాలేదు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"లోపల ఎవరో పేర్లు పిలుస్తానే ఉన్నారయ్యా. నా పేరు పిలిచినప్పుడల్లా పలికా. అందుకే నిద్ర పట్టలా. పట్టుంటే పోయేదాన్ని."

చలికి మతి తప్పి ఉంటుందనుకున్నాను.

"నా పేరు తరవాత ఇంకో పేరు పిలిచాడు. శేషగిరీ అని. మూడుసార్లు. ఎవరూ పలకలా. మా ముఠాలో ఆ పేరోళ్ళు లేరే..."

సాయిబు నన్ను సార్ అనే పిలుస్తాడు. అక్కడ నా పేరు తెలిసిన మనిషి లేడు. నేను నా పేరు ఎక్కించింది ఆ జాబితా ఫోల్డర్లోనే... మూడుసార్లు.

"పాపం, ఎవరోనయ్యా" అంది మరియమ్మ. "ఆయన్ని కూడా బయటికి తీశారా?"

తీశామమ్మా అన్నాను.