మాస్టారి ఎడమ చెవి

మా కాలేజీలో సంగీతం చెప్పే మాస్టారికి ఎడమ చెవి వినపడదు.

ఇది నేను చాడీగా చెప్తున్న మాట కాదు. ఆయనే చెప్పుకునేవారు. కొత్తవాళ్ళెవరు ఎదురైనా పేరు కన్నా ముందు, నమస్కారం కన్నా ముందు, "నాకు ఎడమ చెవి పనిచెయ్యదు, ఇటు రండి" అని భుజం పట్టుకుని కుడివైపుకి తిప్పుకునేవారు. సంగీతం మాస్టారికి చెవుడేమిటని వాళ్ళు నోరు తెరిస్తే, "రెండోది ఉందిగా! ఒక్క పాట వినడానికి ఎన్ని చెవులు కావాలేంటి?" అని ఎదురడిగేవారు.

నేను అదే కాలేజీలో నాటకం నేర్పుతాను. మాది పెద్ద చదువుల కాలేజీ కాదు. పగలంతా ఏదో ఒక పని చేసుకుని, సాయంత్రం అయ్యాక సరదా కొద్దీ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ కాలేజీ. వయసు అడగం, మార్కులు అడగం. నా గదికీ మాస్టారి గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. రహస్యం దాచడం దానికి చేతకాదు. ఇటు నా రాజుగారు కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే, అటు గదిలో జనమంతా "ఆ... ఆ... ఆ..." అని గొంతులు సవరించుకునేవారు. చచ్చిపడున్న కొడుకు పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వేవాడు.

నేను వెళ్ళి తలుపు బాదేదాన్ని.

"మాస్టారూ, కాసేపు ఆపండి! ఇక్కడ మనిషి చచ్చిపోతున్నాడు!"

"వచ్చిపోతున్నాడా? తొందరేముంది, ఉండమనమ్మాయ్, పాట విని వెళ్తాడు!"

"అది కాదు, ఎనిమిదింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి!"

"కాలా? కాలు బాగానే ఉంది తల్లీ. చెవికే ఈ జబ్బు."

పియానో ముందు కూర్చుంటే తలుపు ఆయనకి ఎడమవైపు. ఇంక నా మొర ఆలకించేదెవరు?

స్టాఫ్ మీటింగుల్లో కూడా ఇదే తంతు. మా ప్రిన్సిపాల్ గారు గొంతు పెంచి ఎరగరు. నవ్వితే ఉద్యోగం పోతుందేమో అన్నట్టు బిగదీసుకుని ఉంటారు. మాస్టారు గది అంతా కలియజూసి, ప్రిన్సిపాల్ గారు సరిగ్గా తన ఎడమవైపు పడేలా కుర్చీ లాక్కునేవారు.

"మాస్టారూ, ఈసారి మీ గదికి కుర్చీలు తగ్గించాం," అనేవారు ప్రిన్సిపాల్ గారు.

"దగ్గా? పూర్తిగా పోయిందండీ. గుర్తుపెట్టుకుని అడిగినందుకు చాలా సంతోషం."

ప్రిన్సిపాల్ గారు కాసేపు పైకప్పు వైపు చూసి తర్వాతి విషయానికి వెళ్ళిపోయేవారు. కుర్చీలు ఎక్కడివక్కడే ఉండేవి. అదే, వరండా ఆ చివర ఎవరైనా "టీ వచ్చింది" అని గొణిగితే మాత్రం అందరికన్నా ముందు లేచేది మాస్టారే. అదెలాగండీ అంటే, "వాసన" అనేవారు.

ఆయనతో వేగలేక నేనొక ఉపాయం కనిపెట్టాను. పక్కపక్కన కూర్చున్నప్పుడల్లా ఆ ఎడమ చెవి దగ్గరకి కాస్త వంగి నా కసి తీర్చుకునేదాన్ని. "తుప్పు పట్టిన గ్రామఫోను," "ఆపడం తెలియని అలారం," "ఈయన నోరు మూస్తే ఊరికి నిద్ర పడుతుంది," ఇలా. ఆయన ఎటో చూస్తూ నవ్వు మొహంతో తలాడించేవారు. ఆ తర్వాత పనికి కూర్చుంటే నాకు ప్రాణం ఎంత తేలిగ్గా ఉండేదో!

క్లాసులో ఆయన పద్ధతి వేరు. చేరడానికి వచ్చినవాళ్ళని పాడమని పరీక్ష పెట్టేవారు కాదు. "పాడతావా?" అని ఒక్కటే ప్రశ్న. పాడతానంటే కుడివైపు వరస. "అబ్బే, నాకు గొంతు లేదండీ" అని నసిగితే మాత్రం ఆయన మొహం వెలిగిపోయేది. "మరింకేం! ఎడమవైపు కూర్చో. ఆ వైపు నాకు ఏమీ వినపడదు. నువ్వు పాడినా, అరిచినా, ఆవలించినా నాకు ఒకటే. కానీయ్!"

అలా ఎడమ వరస నిండింది. ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. అతను గొంతెత్తితే వెనక ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకునేవారు, బండి రివర్సులో వస్తోందేమోనని. రిటైరైన నర్సు ఒకావిడ ప్రతి పాటా ఇంజెక్షన్ ఇచ్చినట్టు ఒక్క పోటులో ముగించేది. కుడివైపు నలుగురూ, ఎడమవైపు మిగతా జనమంతా. స్టేజీ మీద నిలబడితే ఒక పక్కకి ఒరిగిన పడవలా ఉండేది మా బృందం.

ఆ వరసలోకి చివరగా వచ్చింది దర్జీ ఆవిడ. నిజానికి ఆమె వచ్చింది నా పని మీద. ఆ ఏడాది నేనూ మాస్టారూ కలిసి పాటల నాటకం ఒకటి వేస్తున్నాం. దుస్తుల కొలతలకి ఆమెని పిలిపించాను. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. కొలతలయ్యాక చూస్తే మనిషి లేదు. వెతికితే పక్క గది గుమ్మంలో నిలబడి ఉంది, గుండుసూదులు నోట్లోనే ఉంచుకుని, పాట వింటూ.

"లోపలికి రా అమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె సూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "నేను పాడకూడదండీ. బళ్ళో ఉన్నప్పుడు ప్రార్థన పాటకి మా టీచరు చెప్పారు, నువ్వు పెదాలు కదుపు చాలు, గొంతు బయటికి రానివ్వకు అని. అప్పట్నుంచి పాడలేదు. మా పిల్లల్ని కూడా కథలు చెప్పే పడుకోబెట్టాను."

మాస్టారు తన ఎడమ చెవి మీద వేలితో టకటకా కొట్టుకుని, "ఇది చెక్క. ఇటు కూర్చో," అన్నారు.

మొదట్లో ఆమె పెదాలే కదిలేవి. నెల తిరిగేసరికి ఏదో సన్నగా వినిపించింది. నాటకం దగ్గర పడేనాటికి ప్లైవుడ్ చెక్క ఇవతల నేను ఆమె గొంతుని విడిగా గుర్తుపట్టగలిగేదాన్ని. రెండో అంకం చివర ఒక చిన్న పాట ఆమె ఒక్కతే పాడాలని తేల్చారు మాస్టారు. ఎలా ఒప్పించారని అడిగితే, "నాకెలాగూ వినపడదుగా, భయమెందుకని చెప్పాను," అన్నారు.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారి చెవిన ఒక మాట పడింది. ఆయనకి రెండు చెవులూ పనిచేస్తాయి మరి. పక్క కాలేజీ వాళ్ళు మమ్మల్ని "చెవిటి సంగీతం కాలేజీ" అంటున్నారట. ఆయన మాస్టారి కుడివైపుకి నడిచొచ్చి మరీ చెప్పారు. "గురువారం చెవుల డాక్టరుగారు ఇక్కడికే వస్తారు. మీకు పరీక్ష చేస్తారు. నిజంగా వినపడకపోతే మీ స్థానంలో ఇంకొకరిని చూసుకోక తప్పదు."

బుధవారం సాయంత్రం మాస్టారు నా గదికి వచ్చి తలుపేశారు.

"అమ్మాయ్, నాకో పాత్ర నేర్పాలి. చెవిటివాడి పాత్ర."

"అది మీకు నేర్పేదేముందండీ?"

"ఇన్నాళ్ళూ వేసింది ఇంటి నటన. రేపు వచ్చేది డాక్టరు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నా రాజుగారి సింహాసనం మీద కూలబడ్డాను.

"అంటే... వినపడుతుందా?"

"బ్రహ్మాండంగా."

"మరి నేను ఇన్నేళ్ళుగా ఆ చెవిలో..."

"అన్నీ విన్నాను. గ్రామఫోను మాట బాగుంది. మా ఆవిడకి కూడా చెప్పాను, అప్పట్నుంచి అలాగే పిలుస్తోంది."

ఊళ్ళో అందరికీ నటన నేర్పేది నేను. నా పక్కన కూర్చుని ఇన్నేళ్ళు ఒక పాత్ర వేస్తే పసిగట్టలేకపోయింది కూడా నేనే. ఆ సిగ్గు మింగుకుని, "ఎందుకండీ ఇదంతా?" అన్నాను.

"ఎదుటివాడు వింటున్నాడంటే కొందరికి గొంతు పూడుకుపోతుంది తల్లీ. వినడంలేదంటే వస్తుంది. నాకు కావలసింది గొంతు రావడం. చెవిదేముంది?" అని ఆగారు. "రేపు నా చెవి బాగుందని తేలిందనుకో. దర్జీ ఆవిడ మళ్ళీ పెదాలే కదుపుతుంది."

"బాగాలేదని తేలితే మీ ఉద్యోగం పోతుంది!"

"అదే చిక్కు. నాటకం అయ్యేదాకా చెవిటివాణ్ణి, ఆ తర్వాత నయమైంది అంటే కుదురుతుందంటావా?"

కుదరదని తెలిసీ నేర్పాను. ఎడమ చెవి దగ్గర గ్లాసు మీద గరిటతో కొట్టాను. ఆయన కదల్లేదు. తలుపు ధడాలున వేశాను. రెప్ప కూడా వెయ్యలేదు. ఇంక పర్వాలేదనుకుని, ఆఖరి అస్త్రంగా ఆయన పాటనే కావాలని అపస్వరంలో పాడాను. ఆయన మొహం వేపాకు నమిలినట్టయింది.

"దొరికిపోయారు!" అన్నాను. "మరి డ్రైవరు పాడుతుంటే ఇంతకాలం ఎలా భరించారు?"

"అతను పాడాలని పాడి తప్పుతాడు. నువ్వు తప్పాలని తప్పావు. రెండూ ఒకటేనా?"

గురువారం డాక్టరుగారు వచ్చారు. చిన్న వయసు ఆవిడ, నిదానం మనిషి. మాస్టారిని పియానో ముందే కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమంది. ప్రిన్సిపాల్ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. విషయం తెలిసి ఎడమ వరస మొత్తం గుమ్మంలో మూగింది. డ్రైవరు డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, ఒంటి మీద యూనిఫాం ఉంది.

కుడి చెవికి మాస్టారు టకటకా మీట నొక్కారు. ఎడమ చెవి మొదలవగానే రాయిలా కూర్చున్నారు. శబ్దం పెంచింది. రాయి. ఇంకా పెంచింది. రాయి. నా శిష్యుణ్ణి చూసి నాకు గర్వం ముంచుకొచ్చింది.

డాక్టరుగారు హెడ్‌ఫోను ఎడమ చెవి మీంచి మాత్రం జరిపి, సామాను సర్దుకుంటూ, ఆయన ఎడమవైపు నుంచి మెల్లగా అంది. "పాపం, మీ పియానోలో ఒక మెట్టు శ్రుతి తప్పినట్టుందే."

"ఎక్కడ? ఏ మెట్టు?" అని మాస్టారు కుర్చీ మీంచి ఎగిరి లేచారు.

డాక్టరుగారు నవ్వు ఆపుకుంటూ ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగింది. "రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయండీ. నావి కూడా ఇంత బాగుండవు."

ఉద్యోగం నిలబడింది. కానీ మాస్టారు మాత్రం జామకాయలు దొంగిలిస్తూ పట్టుబడ్డ పిల్లాడిలా తల వంచుకుని, గుమ్మం దాకా నడిచి దర్జీ ఆవిడ ముందు నిలబడ్డారు.

"అబద్ధమాడానమ్మా. మొదటి రోజు నుంచీ అన్నీ విన్నాను."

"తెలుసు సార్," అంది ఆమె.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"చేరిన రెండో నెలలోనే. ఒకరోజు మీరు చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకొచ్చారు. బట్టలు కుట్టేదాన్ని, నా కళ్ళు ఊరుకోవు కదా. పక్కన నర్సమ్మగారి చెవిలో ఆ మాట గుసగుసగా అన్నాను. మీరు అటు తిరిగి గబగబా సర్దేసుకున్నారు."

"మాకందరికీ తెలుసు సార్," అన్నాడు డ్రైవరు.

"మరి ఎవరూ చెప్పలేదేం?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి నర్సమ్మగారే అంది. "అంత కష్టపడి నటిస్తున్నారు, మీ మనసు నొప్పించడం ఎందుకులే అనుకున్నాం."

నవ్వులు ఆగాక దర్జీ ఆవిడ మెడలో టేపు వేలికి చుట్టుకుంటూ అంది. "మీకు వినపడుతోందని తెలిసిన రోజు ఇంక రాకూడదనుకున్నాను సార్. ఇంటికెళ్ళి ఆలోచిస్తే తట్టింది. విని కూడా ఈయన నన్ను ఆపలేదంటే, మరీ అంత ఘోరంగా లేదన్నమాట. మర్నాడు ఇంకొంచెం గట్టిగా పాడాను."

"అవును," అన్నారు మాస్టారు. "మంగళవారం. విన్నాను." ఆ తర్వాత జేబురుమాలు తీసి, పియానో మీద లేని దుమ్ము చాలాసేపు తుడిచారు.

నాటకం రోజు ఆమె తన చేత్తో కుట్టుకున్న నీలం గౌనులో స్టేజీ మధ్యకి వచ్చి పాడింది. తేనె, పంచదార అని కోతలు కొయ్యను. కొత్త గుడ్డని నేత వెంబడి చింపితే ఎలా సాగుతుందో అలా, తిన్నగా, వంకర లేకుండా సాగింది ఆ గొంతు. ముందు వరసలో ఆమె పిల్లలిద్దరూ కూర్చున్నారు, మీసాలొచ్చిన పిల్లలు. అమ్మ పాడడం అదే మొదటిసారి వినడమేమో, చప్పట్లు కొట్టడం మర్చిపోయి నోరు తెరుచుకుని చూశారు.

ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం నేను సామాను సర్దుకుంటుంటే ప్లైవుడ్ అవతల ప్రిన్సిపాల్ గారి గొంతు వినిపించింది. క్లాసు అయిపోయింది, మాస్టారు ఒక్కరే ఉన్నారు. మళ్ళీ కుర్చీల గొడవేమో అనుకున్నాను.

"మాస్టారూ, మీరు అందరికీ నేర్పుతారా? అంటే... మా ఇంట్లో నన్ను స్నానాల గదిలో కూడా పాడనివ్వరు."

"ఏదీ, ఒక్క ముక్క పాడండి," అన్నారు మాస్టారు.

పాడారు. దాని గురించి నేనేమీ చెప్పను. ఆయన నాకు పై అధికారి.

ఇంక చెవుడు సాకు లేదు కదా, ఏం చెప్తారా అని నేను చెక్కకి అతుక్కుపోయాను.

"ప్రిన్సిపాల్ గారూ," అన్నారు మాస్టారు నెమ్మదిగా, "మీకు శ్రుతి లేదు. తాళం కూడా ఉన్నట్టు లేదు. మిగతావాళ్ళు వారానికి రెండుసార్లు వస్తారు. మీరు రోజూ రండి."

ఆయన రోజూ వస్తున్నారు. నా రాజుగారి ఏడుపు సీను ఇంక ఈ జన్మకి కుదిరేలా లేదు. అందుకే వచ్చే ఏడాది హాస్య నాటకం వేస్తున్నాను.